కొత్త తొట్టి, తొందరపడ్డ తాతయ్య

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇదివరకు ఈ వేదిక మీద నేను మాట్లాడినవన్నీ డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించే. ఈసారి చేపల తొట్టి గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు నా వంక ఎగాదిగా చూసి "ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు. బాగానే ఉంది. మనవలు మారాం చేయడం, మనం పెన్షను డబ్బుల్లోంచి తొట్టి కొనివ్వడం, పది పదిహేను రోజుల్లో చేపలన్నీ చచ్చిపోవడం, తొట్టి అటకెక్కడం మనలో చాలామంది ఇళ్ళలో జరిగిన ముచ్చటే. మొన్న టీ దగ్గర కూర్చున్న ఆరుగురం లెక్క చూసుకుంటే నలుగురి అటకల మీద తొట్లున్నాయి. కారణం మాత్రం అందరూ ఒకటే చెప్పారు – "ఆ కొట్టువాడు జబ్బు చేపలు అంటగట్టాడండీ" అని. నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పని తెలుసుకోవడానికి నాకు పది చేపలు ఖర్చయ్యాయి.

మా మనవడి ఏడో పుట్టినరోజుకి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి కొన్నాను. ఆ పూటే రంగు రాళ్ళు, గాలి మోటారు, స్పాంజి ఫిల్టరు, నాలుగు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు మోలీలు, ఒక జత గప్పీలు కూడా తెచ్చేశాను. సాయంత్రానికల్లా కుళాయి నీళ్ళు నింపి చేపల్ని వదిలాం. వాడు ఆ రాత్రి అన్నం కూడా తొట్టి ముందే తిన్నాడు.

మూడో రోజుకి నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. నేను ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. బల్ల మీద దుమ్ముంటే కలం పట్టేవాణ్ణి కాదు. వెంటనే చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళను, స్పాంజిని కుళాయి కింద తళతళలాడేలా తోమి, మళ్ళీ కొత్త నీళ్ళు నింపాను. రెండు రోజులకు మళ్ళీ తెల్లబడ్డాయి. మళ్ళీ కడిగాను. ఇది గాక ఇంకో ఘనకార్యం కూడా చేశాను. ఇంట్లో ఆఖరున పడుకునేది నేనే కాబట్టి లైట్లు, గీజరు, చేపల మోటారు అన్నీ కట్టేసి పడుకోవడం నా డ్యూటీ.

ఆరో రోజున రెండు గోల్డ్ ఫిష్‌లు పోయాయి. మిగిలినవి నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఎగబీలుస్తుంటే ఆకలేమో అనుకుని వాడు ఇంకా తిండి వేశాడు. పదకొండో రోజు తెల్లవారేసరికి ఆఖరి నల్ల మోలీ కూడా తేలిపోయింది. నాకు కోపం వచ్చింది. "గుప్పిళ్ళతో తిండి వేశావు, నువ్వే చంపావు" అని ఇంటిల్లిపాదీ వినేలా మనవణ్ణి కేకలేశాను. వాడు ఏడవలేదు. తిండి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరి ఇంట్లో చేపలు కనిపించినా దగ్గరికి వెళ్ళేవాడు కాదు.

మా ఆవిడ తమ్ముడు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఓ పెళ్ళికి వచ్చి మా ఇంట్లో దిగినప్పుడు, అటక మీద తొట్టి చూసి సంగతేమిటని అడిగాడు. చెప్పాను. అంతా విని మూడే ప్రశ్నలు వేశాడు. నీళ్ళు పెట్టిన ఎన్నాళ్ళకు చేపలు వదిలారు? నీళ్ళు ఎంత మార్చారు? మోటారు ఎప్పుడైనా ఆపారా? నా జవాబులు విని కాఫీ గ్లాసు కింద పెట్టి, "బావగారూ, మీరు పెద్దవారు, ఏమీ అనుకోకండి. నీళ్ళు పెట్టిన రోజే సీడు వదిలే రైతు ఎక్కడా ఉండడండి. ముందు నీళ్ళు తయారవ్వాలండి. మీరు తయారవుతున్న నీళ్ళను ఎప్పటికప్పుడు పారబోశారండి" అన్నాడు.

అతను చెప్పింది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి మన ఆఫీసు భాషలో చెబుతాను.

చేప మొప్పల గుండా ఎప్పుడూ అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. తినకుండా మిగిలి కుళ్ళిన తిండిలోంచీ అదే వస్తుంది. ఇంజనీరింగు ఆఫీసుల్లో పనిచేసిన వారికి ప్లాన్ల అమ్మోనియా ప్రింట్ల ఘాటు గుర్తుండే ఉంటుంది, ఆ సరుకే. లీటరు నీటిలో ఒకటి రెండు మిల్లీగ్రాములున్నా చేప మొప్పలు దెబ్బతింటాయి. మన ముక్కుకి ఏమీ తెలియదు, నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి. వేడి ఎక్కువైనా, నీళ్ళలో క్షారగుణం ఎక్కువైనా ఆ విషం ఇంకా పెరుగుతుంది. మన ఎండలు, మన బోరు నీళ్ళు రెండూ అలాంటివే.

నదిలో, చెరువులో ఈ అమ్మోనియాను తినే సూక్ష్మజీవులుంటాయి. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1890లో వీటిని వేరుచేసి చూపించాడు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. చేప రక్తంలోకి చేరి ప్రాణవాయువును మోయనివ్వదు, రక్తం గోధుమ రంగుకి తిరుగుతుంది. రెండో జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు బాగా పేరుకుంటే తప్ప అంత ప్రమాదం కాదు.

అంటే, అమ్మోనియా రోజూ వచ్చే టపా అనుకోండి. మొదటి సెక్షను దాన్ని చూసి రెండో సెక్షనుకు పంపాలి, రెండో సెక్షను రికార్డు రూముకు పంపాలి. కొత్త తొట్టి అంటే సున్నం వేసి తాళాలు అప్పగించిన కొత్త ఆఫీసు బిల్డింగు. సీట్లున్నాయి, మనుషులు లేరు. మొదటి రోజే పది చేపల టపా తెచ్చి పడేస్తే ఏమవుతుంది? ఈ సిబ్బంది స్పాంజిలో, రాళ్ళ మీద, అద్దాలకు అంటుకుని మెల్లగా పెరుగుతారు. రెండు సెక్షన్లూ పూర్తిగా నిండడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను స్పాంజిని కుళాయి కింద తోమినప్పుడల్లా, అప్పుడే చేరిన నలుగురినీ క్లోరిను నీళ్ళతో కడిగి పంపించేశాను. మిగిలినవాళ్ళను రాత్రిళ్ళు మోటారు ఆపి ఊపిరాడకుండా చేశాను.

పాత పుస్తకాల్లో రెండో సెక్షను పేరు నైట్రోబాక్టర్ అని ఉంటుంది. మంచినీటి తొట్లలో ఆ పని ప్రధానంగా చేసేది నైట్రోస్పైరా అనే వేరే జాతి అని 1998లో తేల్చారు. 2015లో ఇంకో విశేషం బయటపడింది. నైట్రోస్పైరాల్లోనే కొన్ని అమ్మోనియా నుంచి నైట్రేటు దాకా మొత్తం పని ఒక్కటే చేసేస్తాయట. ఒకే గుమాస్తా రెండు సీట్లు చూడటం శాస్త్రవేత్తలకు ఆశ్చర్యంగా ఉండొచ్చు గాని, మన సర్వీసులో ఇన్‌చార్జి బాధ్యతలు చూడనివాడు ఎవడు?

తెల్లబడ్డ నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. అది వేరే రకం సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరగడం వల్ల వస్తుంది. తిండి తగ్గించి ఊరుకుంటే కొద్ది రోజుల్లో దానంతటదే తేరుకుంటుంది. ఊరుకోవడం నాకు చేతకాలేదు.

మా బావమరిది వెళ్ళిన రాత్రి మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "చేపలు పోయింది నీ వల్ల కాదురా, నా వల్ల" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "నేను తిండి ఎక్కువ వెయ్యలేదా?" అన్నాడు. "వేశావు. కానీ నీళ్ళన్నీ పారబోసింది నేను, మోటారు కట్టేసింది నేను." "మరి ఆ మాట అమ్మకి చెప్తావా?" అని అడిగాడు. తిట్టినప్పుడు అందరూ విన్నారు గదా. భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పాను.

మర్నాడు తొట్టి అటక దిగింది. ఇలా తొట్టిని తయారు చేయడాన్ని ఇంగ్లీషులో సైక్లింగు అంటారు. కొట్టులో కుర్రవాడు "ట్యాంకు సైక్లింగ్ చేశారా సార్?" అంటే, ఇరవై ఏళ్ళు ఆఫీసుకి సైకిలు తొక్కానని నేను చెప్పబోయాను!

ఈసారి చేపలు లేకుండా మొదలుపెట్టాం. బకెట్లలో ఒక పగలు, ఒక రాత్రి మూత లేకుండా ఉంచిన కుళాయి నీళ్ళు నింపాం. అలా ఉంచితే క్లోరిను పోతుంది. కొన్ని ఊళ్ళలో క్లోరమిన్ అనేది కలుపుతారు, అది మాత్రం నిలవ ఉంచినా పోదు. తొందర ఉన్నవారికి క్లోరినును విరిచే మందు చేపల కొట్లలో దొరుకుతుంది. ఇది చాలా వరకు పాత ఫోటో స్టూడియోల్లో వాడిన హైపోయే. సీసా మీద రాసిన కొలత ప్రకారమే వెయ్యాలి. "మేం తాగే ఆర్.ఓ. నీళ్ళే పోశామండీ, ఖర్చుకి వెనుకాడలేదు" అన్నారు మన సభ్యులొకరు. అదీ మేలు కాదు. ఈ సూక్ష్మజీవులు పనిచేస్తూ నీటిలోని క్షారగుణాన్ని ఖర్చు చేస్తాయి. ఆర్.ఓ. నీటిలో ఆ నిల్వే ఉండదు కాబట్టి కొన్నాళ్ళకు నీళ్ళు పులిసిపోయి పని ఆగిపోతుంది.

మోటారు రాత్రింబగళ్ళు నడిచింది. కరెంటు బిల్లు భయం ఉన్నవారి కోసం లెక్క చెబుతాను. 5 వాట్ల మోటారు 24 గంటలు తిరిగితే నెలకు 3.6 యూనిట్లు. నేను రాత్రిళ్ళు ఆపి మిగిల్చింది నెల మీద యూనిట్టూ పావు కన్నా తక్కువ.

చేపలు లేనప్పుడు సిబ్బందికి టపా ఎక్కడిది? రోజూ చిటికెడు చేపల తిండి నీళ్ళలో వేశాం. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది. కొందరు శుద్ధమైన అమ్మోనియం క్లోరైడు కొలిచి వేస్తారు. అదేదో గిన్నెలకు కళాయి పెట్టే నవాసాగరమే గదా అని బజారు సరుకు తెచ్చి కలపకండి. అందులో ఇంకేం కలిసి ఉంటాయో చెప్పలేం.

పరీక్ష కిట్టు ఒకటి కొన్నాను. మనసొప్పక రెండుసార్లు కొట్టు మెట్లు దిగి, మూడోసారి కొన్నాను. అది లేకపోతే అంతా చీకట్లో తడుముకోవడమే. గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు తేలుతుంది. మా కిట్టులో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైటు లేకపోతే లేత నీలం, ఉంటే వంకాయ రంగు. నేను ఒక రిజిస్టరు గీతలు గీసి ఇచ్చాను. తేదీ, అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు. అంకెలు నేను వేస్తే, పక్క గడిలో మనవడు అదే రంగు క్రేయానుతో నింపేవాడు. ఆరో రోజున మొదటి ఆకుపచ్చ గడి వచ్చింది. పద్నాలుగో రోజున నైట్రైటు తలెత్తింది. ఇరవై రెండో రోజుకి అమ్మోనియా సున్నా అయింది గాని, నైట్రైటు గడులు చిక్కటి వంకాయ రంగులో పదిహేను రోజుల పాటు కదల్లేదు. "రెండో సెక్షన్ వాళ్ళు ఇంకా రాలేదా తాతయ్యా?" అని రోజూ బడినుంచి రాగానే అడిగేవాడు. ముప్పై ఏడో రోజున ఆ గడి లేత నీలం అయింది. తిండి వేస్తూనే ఇంకో నాలుగు రోజులు చూశాం. రెండూ సున్నాలే. అప్పటికి నైట్రేటు బాగా పెరిగి ఉంది కాబట్టి సగం నీళ్ళు మార్చి, నాలుగే నాలుగు గప్పీలు తెచ్చాం. రెండు వారాల తర్వాత ఇంకో నాలుగు. సిబ్బంది సంఖ్య పనిని బట్టే ఉంటుంది, ఒక్కసారిగా టపా పెంచకూడదు. గోల్డ్ ఫిష్‌ల జోలికి మళ్ళీ పోలేదు. అవి జానెడు పెరిగే చేపలు, చెత్త కూడా ఎక్కువ చేస్తాయి. రెండడుగుల తొట్టి వాటికి చాలదు, గాజు బుడ్డి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పటికే చేపలు వేసేసినవారు కంగారు పడకండి. తిండి రోజు విడిచి రోజు, అదీ రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. రోజూ పరీక్ష చేసి, అమ్మోనియా గాని నైట్రైటు గాని లీటరుకు అర మిల్లీగ్రాము దాటితే పావు నుంచి సగం దాకా నీళ్ళు మార్చండి. స్పాంజిని మాత్రం తాకకండి. కొట్టువాడిచ్చే నీలం మందు జబ్బుకి మందే గాని రోజూ పోసేది కాదు. స్పాంజిలోని సిబ్బందికీ దానితో దెబ్బే.

నీళ్ళు మార్చే పద్ధతి. సిబ్బంది కుదురుకున్నాక కూడా రికార్డు రూములో నైట్రేటు పేరుకుంటూనే ఉంటుంది. దాన్ని బయటికి పంపేవారు తొట్టిలో ఎవరూ లేరు, ఆ పని మనది. వారానికోసారి పావు వంతు చాలు. మా తొట్టి రెండు ఘనపుటడుగులు, అంటే సుమారు 56 లీటర్లు. రాళ్ళు పోను ఒక బకెట్టు నీళ్ళు తీసి ఒక బకెట్టు పోస్తే సరిపోతుంది. సన్న గొట్టంతో రాళ్ళ మధ్య ఉన్న చెత్తను లాగుతూ నీళ్ళు తీయాలి. కొత్త నీళ్ళు క్లోరిను పోయినవై, తొట్టి నీళ్ళంత వెచ్చగానే ఉండాలి. నడుము నొప్పి ఉన్నవారు బకెట్టు ఎత్తకండి, చెంబుతో పోయండి. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీయండి, తర్వాత మళ్ళీ పెట్టడం మరవకండి. గాలి మోటారును నీటి మట్టం కన్నా ఎత్తున ఉంచండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వస్తాయి. తీసిన నీళ్ళు మా ఆవిడ కరివేపాకు మొక్కకి పోస్తుంది. మొక్కకి ఆ నైట్రేటే ఎరువు. మందులు కలిపిన నీళ్ళయితే పోయకూడదు.

ఎండాకాలంలో నీళ్ళు ఇగిరిపోతే పైన పోస్తాం గదా, అది మార్చినట్టు కాదు. నీళ్ళే ఆవిరవుతాయి, నైట్రేటు, లవణాలు అక్కడే ఉంటాయి. ఇలా నెలల తరబడి పైపైన పోసుకుంటూ వచ్చి, ఒక రోజు గుర్తొచ్చి సగం పైన మార్చినా చేపలు తట్టుకోలేవు. అలాంటి తొట్టిని రోజుకో చెంబు చొప్పున దారికి తెచ్చుకోవాలి.

స్పాంజి లోంచి గాలి బుడగలు తగ్గితేనే, సుమారు నెలకోసారి, తీసిన తొట్టి నీళ్ళలోనే రెండుసార్లు మెల్లగా పిండి పెట్టేయాలి. గోధుమ రంగు జిగురు మిగిలే ఉంటుంది. మా ఆవిడకి అది చూస్తే ఇప్పటికీ చెయ్యి దురదే, కుళాయి దగ్గరికి తీసుకెళ్ళబోతే మనవడు అడ్డం పడుకుంటాడు. కరెంటు గంటా రెండు గంటలు పోతే ఏమీ కాదు. ఎక్కువసేపు పోతే తిండి వేయకుండా, చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి తొట్టిలోనే పోస్తూ ఉండాలి.

ఆ రిజిస్టరు ఇక్కడికి తెచ్చాను, పిల్లలు చూడొచ్చు. తొట్టి పెట్టి రెండేళ్ళు దాటింది. గప్పీలు పిల్లలు పెట్టి, పెట్టి, లెక్క తప్పింది.

చివరగా ఒక మాట. కొత్త తొట్టి పెట్టేవారు ఆరు వారాలు ఆగలేమనుకుంటే, బాగా నడుస్తున్న తొట్టిలోని స్పాంజి ముక్కను తెచ్చి తమ తొట్టిలో వేసుకుంటే రోజులు బాగా తగ్గుతాయి. ట్రాన్స్‌ఫరు మీద అనుభవజ్ఞులు వచ్చినట్టన్న మాట. అప్పుడైనా చేపలు కొద్దిగానే వేసి పరీక్ష చూసుకోవాలి, ఆ తొట్టిలో జబ్బు లేదని తెలిసి ఉండాలి. మా తొట్టిలో ఇప్పుడు రెండు స్పాంజిలు నడుస్తున్నాయి, ఒకటి ఇలా పంచడానికే. కావలసిన వారు ఆదివారం ఉదయం మూత ఉన్న డబ్బా తెచ్చుకోండి. తొట్టి నీళ్ళలో తడిగానే తీసుకెళ్ళి, ఆ పూటే వేసుకోవాలి. ఎండితే పనికిరాదు. నేను ఊళ్ళో లేకపోయినా మా మనవడు కత్తిరించి ఇస్తాడు, ఎవరికి ఇచ్చిందీ రిజిస్టరులో రాసుకుంటాడు.